వేలిముద్ర వేసే ముందు చదివి వినిపించండి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా సంఘం ఏర్పాటు చేసిన యువజన సమావేశంలో గిరిజన బాలికల వసతి గృహ సంక్షేమ అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా కొమ్ము నృత్యం చూశాం, రేల పాటలు విన్నాం. మన భాష గురించి, మన వేల్పుల గురించి పెద్దలు చాలా మంచి మాటలు చెప్పారు. ఆ తర్వాత బీమా మోసాల గురించి మాట్లాడతారని మైకులో ప్రకటించగానే వెనక వరుసల్లో కొందరు నవ్వారు. సంస్కృతి సంఘం సభలో ఇదేం విషయం అని. నవ్వడంలో తప్పు లేదు. కానీ మన వాళ్ల ఇళ్లలోకి ఇప్పుడు బీమా కాగితం రాని ఇల్లు లేదు. బ్యాంకు ఖాతా ఉంటే దానికి బీమా ఉంటుంది, పాసుపుస్తకానికి బీమా ఉంటుంది, బండికి బీమా ఉంటుంది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. మన అమ్మానాన్న కోయలో ఆలోచిస్తారు, తెలుగులో మాట్లాడతారు, ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేస్తారు. ఈ మూడింటి మధ్య ఉన్న సందులోంచే మోసం లోపలికి వస్తుంది. ఆ సందులో నిలబడగలిగింది మీరే, చదువుకున్న పిల్లలు.

ఏజెన్సీలో హాస్టళ్లు నడిపే మా బోటి వాళ్లకు ఇది బాగా తెలుసు. దసరా, సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చినప్పుడు ట్రంకు పెట్టెల్లో అరిసెలు, జంతికలతో పాటు కాగితాలు కూడా వస్తాయి. "మేడం, ఇదేంటో నాన్న చూపించమన్నాడు" అని మడతపెట్టిన కవరు తెచ్చి ఇస్తారు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక టీచర్లం, ఏఎన్ఎం, మేము కూర్చుని చదువుతాం. కొన్ని చదివితే సంతోషం వేస్తుంది. కొన్ని చదివాక ఎదురుగా నిలబడ్డ పిల్లకు ఏం చెప్పాలో తోచదు.

అలాంటిదొకటి చెబుతాం. ఊరు, పేరు వద్దు. తొమ్మిదో తరగతి పిల్ల. తండ్రి జబ్బు చేసి చనిపోయాడు. ఆయన ఆరేళ్ల పాటు ఏటా పత్తి అమ్మిన డబ్బులోంచి ఆరు వేలు తీసి, సంతలో తెలిసిన మనిషి చేతికి ఇచ్చాడు. ఆ మనిషి చిన్న డైరీలో అంకె వేసి, "కట్టేశాను అన్నా" అని సంతకం పెట్టి ఇచ్చేవాడు. ఇంట్లో ఆ డైరీ ఉంది, పాలసీ బాండు ఉంది. కంపెనీ రసీదులు మాత్రం రెండే ఉన్నాయి. బ్రాంచికి వెళ్లి అడిగితే తేలింది, మూడో ఏడు నుంచి కంపెనీకి రూపాయి చేరలేదు, పాలసీ ఆగిపోయింది, ఆయన చనిపోయిన నాటికి బీమా లేదు. తల్లి ఆ డైరీ పట్టుకుని, "సంతకాలు ఉన్నాయి కదమ్మా" అని పదే పదే అడిగింది.

ఇక్కడ చట్టం ఏం చెబుతుందో మీరు తెలుసుకోవాలి. 1938 నాటి బీమా చట్టంలో 64వీబీ అనే సెక్షన్ ఉంది. ప్రీమియం ముందుగా చేరితేనే కంపెనీకి బాధ్యత మొదలవుతుంది. ఏజెంటు కంపెనీ తరఫున ప్రీమియం తీసుకుంటే, సెలవు రోజులు మినహాయించి 24 గంటల్లో, తన కమీషను కూడా కోసుకోకుండా, మొత్తం కంపెనీకి పంపాలి. అంటే సంతలో ఇచ్చిన డబ్బు మర్నాటికో, ఎల్లుండికో కంపెనీ లెక్కలో కనిపించాలి. వారం దాటినా కంపెనీ పేరు మీద రసీదు రాలేదంటే అడగాల్సిందే. డైరీలో అంకె రసీదు కాదు. ఫోన్‌లో "పెయిడ్" అని పంపిన మెసేజ్ కూడా, అది కంపెనీ నుంచి రాకపోతే, రసీదు కాదు. ఏడాదికి ఒక్కసారి, పత్తి డబ్బో మిర్చి డబ్బో తెచ్చుకోవడానికి పట్నం వెళ్లినప్పుడు, ఆ కంపెనీ బ్రాంచిలో పాలసీ నంబరు చెప్పి "ఇది నడుస్తోందా, ఎప్పటి వరకు కట్టి ఉంది" అని అడగండి. ఆ మాట చెప్పడానికి డబ్బు తీసుకోరు. ఇంకా మంచిది, ప్రీమియం బ్రాంచిలోనో, కంపెనీ సొంత వెబ్‌సైటులోనో మీరే కట్టేయడం.

ఇది విని ఏజెంట్లందరూ దొంగలనుకోకండి. వాగు దాటి, బురదలో బండి తోసుకుంటూ వచ్చి క్లెయిమ్ కాగితాలు రాసిచ్చిన ఏజెంట్లూ ఉన్నారు. మంచి ఏజెంటుకు మీరు రసీదు అడిగితే కోపం రాదు. కోపం వచ్చిందంటే అక్కడే కొంత అర్థమైనట్టు.

ఇక అసలు దరఖాస్తు దగ్గరికి వద్దాం. మోసం చాలాసార్లు పాలసీ తీసుకున్న రోజే జరిగిపోతుంది, బయటపడేది మనిషి పోయాక. దరఖాస్తులో ఫోన్ నంబరు గడి ఉంటుంది. నాన్నకు ఫోన్ లేదనో, సిగ్నల్ లేదనో ఏజెంటు తన నంబరే రాసుకుంటాడు. దాంతో కంపెనీ పంపే ప్రతి మెసేజ్, ప్రతి ఓటీపీ అతనికే పోతుంది. కంపెనీ నుంచి "మీరు ఈ పాలసీ అర్థం చేసుకునే తీసుకున్నారా" అని అడిగే ఫోన్ కూడా అతనే ఎత్తి "అవును" అంటాడు. తర్వాత ఆ పాలసీ మీద అప్పు తీసినా మనకు తెలియదు. కాబట్టి నంబరు ఇంట్లో వాళ్లదే ఉండాలి. నాన్నకు లేకపోతే మీది ఇవ్వండి. ఈ ఒక్క పని చేస్తే సగం మోసాలు మొదట్లోనే మీకు కనిపిస్తాయి. మీరు సిమ్ మార్చినప్పుడు మాత్రం అక్కడ కూడా నంబరు మార్పించడం మరవకండి. మన పిల్లలు ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ మారుస్తారు, అది వేరే బాధ.

ఖాళీ ఫారం మీద వేలిముద్ర వేయించుకుని, "తర్వాత నేను నింపుతాలే పెద్దాయనా" అని తీసుకెళ్లడం ఇంకొకటి. ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది, అది నేరుగా మీకు సంబంధించింది. వేలిముద్ర వేసిన చోట, లేదా ఇంగ్లీషు కాక వేరే భాషలో సంతకం చేసిన చోట, కింద ఇంకో వాక్యం ఉంటుంది. "ఈ ఫారంలోని ప్రశ్నలన్నీ దరఖాస్తుదారునికి అర్థమయ్యే భాషలో వివరించాను, ఆయన చెప్పిన జవాబులే రాశాను" అని. దాని కింద ఒకరు సంతకం చేయాలి. ఊళ్లోకి ఏజెంటు వచ్చినప్పుడు, అక్కడ ఇంటర్ చదివిన కుర్రవాడు కనిపిస్తే, "తమ్ముడూ, నువ్వు చదువుకున్నోడివి, ఇక్కడొక సంతకం పెట్టు" అంటాడు. మనవాడు గర్వంగా పెట్టేస్తాడు. అది ఉత్తి సాక్షి సంతకం అనుకుంటాడు. కాదు. "నేను కోయలో చెప్పాను, ఆయనకు అర్థమైంది" అని మీరు రాసిచ్చిన మాట అది. రేపు ఆ ఇంటి ఆడమనిషి "మాకెవరూ చెప్పలేదు" అని మొరపెట్టుకుంటే, కంపెనీ ముందు పెట్టేది మీ సంతకమే.

సంతకం పెట్టొద్దు అనడం లేదు. పెట్టే ముందు కూర్చోండి. ఫారం మొత్తం చదవండి. ఒక్కో ప్రశ్న కోయలో అడగండి. "ఏటా ఎంత కట్టాలి, ఎన్నేళ్లు కట్టాలి, మధ్యలో ఆపితే ఏమవుతుంది, ఎవరి పేరు నామినీగా రాస్తున్నారు." ఈ నాలుగూ ఆ పెద్దాయన మళ్లీ తన మాటల్లో మీకు చెప్పగలిగితే అప్పుడు పెట్టండి. బీఎడ్‌లో మాకు నేర్పింది ఇదే, పాఠం అర్థమైందా అని అడిగితే పిల్లలు అందరూ అయింది అంటారు, తిరిగి చెప్పమంటేనే తెలుస్తుంది. ఏజెంటు తొందరపెడితే ఫారం ఒక రాత్రి ఇంట్లో ఉంచమనండి. ఆరోగ్య బీమా అయితే ముఖ్యమైన వివరాలు క్లుప్తంగా రాసిన పత్రం ఒకటి పాలసీతో ఇవ్వాలి, అడిగితే అది స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. కాబట్టి తెలుగులో ఇవ్వమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు కాస్త నిదానంగా వినాల్సిన సంగతి. సికిల్ సెల్.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. అప్పటి నుంచి మన హాస్టళ్లలో, గూడేల్లో పరీక్షలు జరుగుతున్నాయి, పిల్లలకు కార్డులు ఇస్తున్నారు. ఈ జబ్బు ఆదివాసీల్లో ఎక్కువ. కొందరికి జబ్బు ఉంటుంది, కొందరికి ఆ లక్షణం ఒక్కటే ఉంటుంది, వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. బీమా ఫారంలో జబ్బుల గడి దగ్గరికి వచ్చేసరికి ఏజెంటు ఏమంటాడంటే, "అవన్నీ రాస్తే పాలసీ రాదు, అన్నిటికీ లేదు అని కొట్టేద్దాం." అతనికి ఆ రోజు పాలసీ కావాలి. ఇంట్లో వాళ్లకు ఆ పిల్ల పదేళ్ల తర్వాత ఆస్పత్రిలో పడుకున్నప్పుడు పాలసీ కావాలి. ఇద్దరి అవసరాలు వేరు.

ఫారంలో అడిగిన ప్రశ్నకు అబద్ధం రాస్తే క్లెయిమ్ రోజున ఆస్పత్రి రికార్డు తీస్తారు. ప్రభుత్వ పరీక్షలో తేలిన విషయం అందులో ఉంటుంది. "దాచారు" అని క్లెయిమ్ తిప్పికొడతారు, కట్టిన డబ్బు కట్టినట్టే పోవచ్చు. ఇక్కడ అబద్ధం ఆడింది ఏజెంటు, దాని కింద వేలిముద్ర మనది. అందుకే కార్డులో ఏముంటే అదే రాయించండి. జబ్బా, లక్షణం ఒక్కటేనా అన్నది కార్డు చూసి స్పష్టంగా రాయించండి, రెండూ కలిపేస్తే లేని జబ్బు అంటగట్టుకున్నట్టవుతుంది. నిజం రాస్తే ప్రీమియం కొంచెం పెరగొచ్చు, కొంతకాలం ఆ జబ్బుకు వర్తించదని షరతు పెట్టొచ్చు, ఒక్కోసారి పాలసీయే ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే కనీసం మన డబ్బు మన దగ్గరుంటుంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆరోగ్య బీమాలో ముందే ఉన్న జబ్బుకు ఆగాల్సిన కాలం 36 నెలలకు మించకూడదు. ఆపకుండా 60 నెలలు కట్టాక, మోసమని నిరూపిస్తే తప్ప, పాత సంగతి దాచారని క్లెయిమ్ కొట్టేయకూడదు. జీవిత బీమాలో 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు. దీన్ని చూపించే కొందరు ఏజెంట్లు "మూడేళ్లు బతికితే చాలు" అని అబద్ధాలు రాయిస్తారు. ఆ మూడేళ్లలో ఏమవుతుందో చెప్పగలిగినవాళ్లు మన పూజారుల్లో కూడా లేరు.

పరిహారం డబ్బు గురించి కూడా చెప్పాలి. ప్రాజెక్టు కింద భూమి పోయినవాళ్లు గోదావరికి అటూ ఇటూ ఉన్నారు. ఖాతాలో ఒకేసారి లక్షలు పడగానే ఇంటి ముందు బళ్లు ఆగుతాయి. బ్యాంకు లోపలే ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, "ఫిక్స్‌డ్ డిపాజిట్ కన్నా మంచిది, ఐదేళ్లలో రెట్టింపు" అని చెప్పి కాగితాల మీద వేలిముద్రలు తీసుకుంటారు. మర్నాడు చూస్తే అది డిపాజిట్ కాదు, ఏటా కట్టాల్సిన బీమా పాలసీ. ఏడాది తిరిగేసరికి "మీ రెండు లక్షల ప్రీమియం బాకీ" అని మెసేజ్ వస్తుంది. భూమి ఒక్కసారే పోతుంది కదా, రెండోసారి కట్టడానికి డబ్బెక్కడిది?

దీనికి మందు ఉంది, కానీ దానికి గడువు ఉంది. పాలసీ పత్రం చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల లోపు, నచ్చలేదని రాసిచ్చి వెనక్కి ఇచ్చేయొచ్చు. దాన్ని ఫ్రీ లుక్ అంటారు. ఆ కొద్ది రోజుల బీమా ఖర్చు, వైద్య పరీక్ష చేయించి ఉంటే దాని ఖర్చు, స్టాంపు ఖర్చు మినహాయించుకుని మిగతాది తిరిగి ఇవ్వాలి. ఇది చట్టం ఇచ్చిన హక్కు, ఎవరి దయా కాదు. "ఇప్పుడు తీసేస్తే మొత్తం పోతుంది" అని బెదిరిస్తారు, నమ్మకండి. లెటర్ ఇచ్చి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 30 రోజులు దాటిపోతే దారి లేదని కాదు, తప్పుడు మాటలు చెప్పి అమ్మారని ఫిర్యాదు చేయొచ్చు, కాకపోతే అప్పుడు కష్టం ఎక్కువ. అందుకే ఇంటికి కవరు రాగానే విప్పండి. మన ఇళ్లలో కవరు వస్తే దూలం సందులో దోపుతారు, పిల్లలు సెలవులకు వచ్చాక చూస్తారులే అని. ఆ సెలవులు వచ్చేసరికి నెల దాటిపోతుంది. ఇకనుంచి కవరు వస్తే ఫోటో తీసి మీకు వాట్సాప్ పెట్టించుకోండి. ఇంకో మాట, అప్పు ఇవ్వాలంటే ఫలానా కంపెనీ జీవిత బీమా తీసుకోవాల్సిందేనని బలవంతం చేసే హక్కు ఏ బ్యాంకుకూ లేదు.

ఫోన్ మోసాల గురించి మీకు మాకన్నా ఎక్కువ తెలుసు కాబట్టి త్వరగా చెబుతాం. "బీమా నియంత్రణ సంస్థ నుంచి మాట్లాడుతున్నాం, మీ నాన్న పాలసీకి బోనస్ వచ్చింది, ముందు జీఎస్టీ కట్టాలి" అంటారు. హైదరాబాదులో ఉన్న ఆ సంస్థ, ఐఆర్‌డీఏఐ, పాలసీలు అమ్మదు, బోనస్‌లు పంచదు, ఎవరికీ అలా ఫోన్ చేయదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీయే లేదు. అంటే ఆ ఫోన్‌లో రెండు అబద్ధాలు ఉన్నాయి. వాళ్లు పాలసీ నంబరు, పుట్టిన తేదీ కరెక్టుగా చెప్పారని నమ్మొద్దు, ఆ వివరాలు చేతులు మారుతూనే ఉంటాయి. వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తే తెరవొద్దు. డబ్బు పోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి, రేపు చూద్దాం అనుకుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటుతుంది.

చిన్న బీమాలున్నాయి కదా, వాటి దగ్గర మన వాళ్లు పోగొట్టుకునేది ఎక్కువ. ప్రధానమంత్రి జీవన జ్యోతికి ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి, ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు. కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాద మరణానికే వర్తిస్తుంది. సురక్ష బీమాకు 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్లు, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. రెండూ జూన్ 1 నుంచి మే 31 వరకు. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. ఇద్దరు ముగ్గురు బ్యాంకు మిత్రల దగ్గర వేలు పెట్టి, మూడు ఖాతాల్లోంచి మూడు సార్లు కోతపడేవాళ్లు కూడా ఉన్నారు. ఎన్ని ఖాతాల నుంచి కట్టినా క్లెయిమ్ ఒక్కటే వస్తుంది. పాసుబుక్కు ప్రింటు తీయించి చూడండి.

ఇందులో మోసం ఎలా జరుగుతుందంటే, మనిషి పోయిన ఇంటికి దినాల లోపే ఒకాయన వస్తాడు. "నీకు రెండు లక్షలు ఇప్పిస్తా, సగం నాకు" అంటాడు. ఆ తల్లికి అసలు బీమా ఉందనే తెలియదు కాబట్టి, వచ్చిందే భాగ్యం అనుకుంటుంది. ఆ క్లెయిమ్ ఫారం బ్యాంకులో ఉచితంగా ఇస్తారు, డబ్బు నామినీ ఖాతాలోనే పడుతుంది, మధ్యలో ఎవరికీ వాటా లేదు. నింపడానికి కావాల్సింది చదువు వచ్చిన ఒక మనిషి, అంతే.

కానీ కాగితాలు లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. రోడ్డు ప్రమాదం, వాగులో మునిగిపోవడం లాంటివైతే పోలీసులకు చెప్పి ఉండాలి. పాము కాటు, చెట్టు మీంచి పడటం అయితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లిన రికార్డు ఉండాలి. మన వాళ్లు పడేది తాటిచెట్టు మీంచి, కరిచేది పత్తి చేలో పాము. మంత్రం వేయించి, ప్రాణం పోయాక ఇంటికి తెచ్చి, మర్నాడు మట్టి చేసేస్తారు. అప్పుడు ఆ రెండు లక్షలు కూడా మట్టిలోనే కలుస్తాయి. మంత్రం సంగతి వాదించడానికి ఇది వేదిక కాదు. ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి, మనిషి దక్కే ఆశ కూడా అక్కడే ఉంది. జన్‌ధన్ రూపే కార్డుకూ ప్రమాద బీమా ఉంది, 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాకు రెండు లక్షలు, అంతకు ముందువాటికి లక్ష. కాకపోతే ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డు ఒకసారైనా వాడి ఉండాలి. బీరువాలో దాచిన కార్డుకు రాదు.

తెలంగాణ వైపు ఉన్నవాళ్లకు రైతుబీమా తెలుసు. 2018లో మొదలైంది, 18 నుంచి 59 ఏళ్ల రైతుకు ఐదు లక్షలు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. ఇక్కడ మన పెద్దవాళ్ల ఆధార్‌లో వయసు ఒక సమస్య. అప్పట్లో కార్డు తీసినవాళ్లు అందాజగా రాసిన వయసులు, అందరూ జనవరి 1నే పుట్టారు. నలభై ఐదేళ్ల మనిషికి అరవై రాసి ఉంటే బీమా రాదు. రుజువులు ఉంటే ఇప్పుడే సరిచేయించండి. అయితే ఊళ్లో తిరిగే బ్రోకరు "ఐదు వేలు ఇవ్వు, నీ తాత వయసు యాభై చేస్తా" అంటే ఒప్పుకోవద్దు. మోసపోవడం వేరు, మోసంలో చేరడం వేరు. రెండోదానికి కేసు పడుతుంది, కేసు తాత మీద పడుతుంది.

చెప్పడానికి మనసు రాని విషయం ఇంకొకటి ఉంది. 2021లో నల్గొండ జిల్లా దామరచర్ల ప్రాంతంలో పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. పేదల పేర, జబ్బు పడ్డవాళ్ల పేర, తాగుడుకు అలవాటుపడ్డవాళ్ల పేర పాలసీలు కట్టి, వాళ్లను చంపి, రోడ్డు ప్రమాదాలుగా చూపి డబ్బు తీసుకున్నారన్నది కేసు. ఇది దూరదేశంలో జరిగింది కాదు, మన పక్క జిల్లాల్లో. కాబట్టి బయటివాడెవడైనా మీ బాబాయికి ఊరికే ప్రీమియం కడతానని, ఆధార్ ఇమ్మని, కల్లు పోయించి వేలిముద్ర తీసుకుంటుంటే అది దయ అనుకోకండి. ఎవరి డబ్బు, నామినీ ఎవరు అని అడగండి. సమాధానం తేడాగా ఉంటే నేరుగా పోలీసులకు చెప్పండి.

బండ్ల బీమా ఒక్క మాట. కొన్నప్పటి బీమా అయిపోయాక రోడ్డు పక్క దుకాణంలో మూడొందలకు కాగితం ఇస్తారు. కంప్యూటరులో పాతదాని మీద పేరు, నంబరు మార్చి ప్రింటు తీసినది. చెక్‌పోస్టు దగ్గర దాటిపోవచ్చు, కానీ ఎవరికైనా తగిలితే పరిహారం మొత్తం మీ నెత్తిన పడుతుంది, ఎకరం పోడు అమ్మినా తీరదు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, బీమా తేదీ కనిపిస్తోందా చూసుకోండి.

మన పిల్లలు కొందరు ఏజెంట్లుగా చేరుతున్నారు. సంతోషం. మన భాషలో చెప్పగల ఏజెంటు మనకు కావాలి. ఎల్ఐసీ బీమా సఖి పథకం 2024 డిసెంబరు 9న మొదలైంది. పదో తరగతి పాసైన 18 నుంచి 70 ఏళ్ల ఆడవాళ్లు చేరొచ్చు. షరతులకు లోబడి నెలకు మొదటి ఏడాది 7 వేలు, రెండో ఏడాది 6 వేలు, మూడో ఏడాది 5 వేలు ఇస్తారు. చెల్లెళ్లు తప్పకుండా ఆలోచించండి. కానీ దీని పేరు చెప్పి ఎవరో తన సొంత ఫోన్‌పే నంబరుకు డబ్బు పంపమంటే పంపొద్దు, నేరుగా బ్రాంచికి వెళ్లండి. పరీక్ష రాయకుండా, కంపెనీ నియామక పత్రం లేకుండా ఎవరూ ఏజెంటు కారు. "నువ్వు ఊళ్లో పదిమంది ఆధార్‌లు తీసుకురా, మిగతాది మేం చూసుకుంటాం" అనేవాడికి దూరంగా ఉండండి. రేపు వాడు కనిపించడు, ఆ పది ఇళ్ల ముందు తలవంచుకుని నడవాల్సింది మీరు.

మోసం జరిగాక ఏం చేయాలి? ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నంబరు తీసుకోండి. సరైన జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ టోల్ ఫ్రీ నంబరు 155255కు ఫోన్ చేయండి, లేదా బీమా భరోసా పోర్టల్‌లో పెట్టండి. నెలలోపు కంపెనీ తేల్చకపోయినా, కాదన్నా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదం చూస్తారు, తీర్పు కంపెనీ పాటించాల్సిందే. కంపెనీ కాదన్న ఏడాదిలోపు రాయాలి. కోర్టుకే వెళ్లాల్సి వస్తే, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. నంబరు 15100. ఆ డైరీ ఇంటి తల్లి విషయంలోనూ ఆ నకళ్లన్నీ జత చేసి ఏజెంటు మీద పోలీసు ఫిర్యాదు, కంపెనీకి ఫిర్యాదు రెండూ రాయించాం. అది ఇంకా నడుస్తోంది.

భోజనాలయ్యాక ఆ చింతచెట్టు కింద రెండు బల్లలు వేయించాం. మా హాస్టల్ టీచర్లు ముగ్గురు అక్కడుంటారు. ఫోన్‌లో పాలసీ ఫోటో ఉన్నవాళ్లు, ఇంటి నుంచి కాగితం తెచ్చినవాళ్లు అక్కడికి రండి, కూర్చుని చదువుదాం. కాగితం లేకపోతే అమ్మకు ఫోన్ చేసి బ్యాంకు పాసుబుక్కులో మే నెల పేజీ ఫోటో పంపమనండి. ఓటీపీలు, పిన్ నంబర్లు మాకు కూడా చెప్పొద్దు.